నాఫ్రాక్స్ సమీక్ష: పర్వతపు చెరువులో దొరికిన కొత్త డయాటమ్‌ను వర్ణించే పనిలో

డయాటమ్‌ల (సిలికా పెంకులో ఉండే ఏకకణ శైవలాల) మీద పనిచేసేవారిలో నాఫ్రాక్స్ పేరు వినని వారు దాదాపు ఉండరు, కానీ దాన్ని వినియోగదారుడి కోణంలో తూచి రాసినవారు మాత్రం అరుదు. వంటల గురించి ఎంత రాసినా ఉప్పు గురించి ఎవరూ వేరుగా రాయనట్టే, పరిశోధనా వ్యాసాల్లో ఈ రెజిన్‌కు దక్కే చోటు 'స్లైడ్లను నాఫ్రాక్స్‌లో అమర్చాము' అనే ఒక్క వాక్యం. ఎత్తైన పర్వత ప్రాంతంలోని ఒక చిన్న చెరువులో దొరికిన, ఇంతవరకు పేరు లేని ఒక మంచినీటి డయాటమ్ జాతిని వర్ణించే పనిలో దీన్ని ఏడాదికి పైగా వాడిన తర్వాత, ఆ ఒక్క వాక్యం చాలదని నాకు అనిపించింది. ఆ జాతి కొత్తదా కాదా అనే నిర్ణయంలోనూ, కొత్తదైతే ఏ లక్షణం వల్ల కొత్తది అనే నిర్ణయంలోనూ ఈ సీసాలోని పసుపుపచ్చని జిగట ద్రవానికి నేను ఊహించిన దానికంటే పెద్ద పాత్రే ఉంది.

ముందుగా పదార్థం గురించి రెండు మాటలు చెప్పాలి. శుభ్రం చేసిన డయాటమ్ పెంకులను కవర్ స్లిప్‌కూ గాజు స్లైడ్‌కూ మధ్య శాశ్వతంగా అమర్చడానికి వాడే కృత్రిమ రెజిన్ ఇది. టొలుయీన్ అనే ద్రావణిలో కరిగించిన రూపంలో దొరుకుతుంది. వేడి చేస్తే టొలుయీన్ ఆవిరైపోయి రెజిన్ గట్టిపడుతుంది. గట్టిపడిన తర్వాత దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.73 ప్రాంతంలో ఉంటుంది. దీన్ని కొనేది ఆ ఒక్క అంకె కోసమే; మిగిలిన గుణాలన్నిటినీ మనం సహిస్తాం.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే డయాటమ్ దేనితో తయారైందో గుర్తు చేసుకోవాలి. పాఠ్యపుస్తకాలు చెప్పే సబ్బు పెట్టె పోలిక ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: ఒకదానిపై ఒకటి మూతలా ఒదిగిన రెండు సిలికా వాల్వులు, వాటిని చుట్టి కట్టిన నడుము పట్టీలు. జాతిని గుర్తించే లక్షణాలన్నీ వాల్వు ముఖం మీద చెక్కినట్టు ఉండే సన్నని గీతల్లోనూ, ఆ గీతలను ఏర్పరచే రంధ్రాల్లోనూ, పొడవునా సాగే రాఫే అనే చీలికలోనూ ఉంటాయి. ఈ సిలికా రంగులేని గాజు లాంటిది, దాని వక్రీభవన గుణకం సుమారు 1.43. రంగులేని గాజును రంగులేని ద్రవంలో ముంచి చూస్తున్నప్పుడు కంటికి కనబడేది ఆ రెండింటి గుణకాల మధ్య తేడా మాత్రమే. నీటి గుణకం 1.33 కనుక నీటిలో ఆ తేడా 0.10. సూక్ష్మదర్శిని స్లైడ్లకు తరతరాలుగా వాడుతున్న కెనడా బాల్సమ్ గుణకం సుమారు 1.53 కనుక అక్కడా తేడా దాదాపు అంతే, దిశ మాత్రమే వేరు. అంటే ఎంతో శ్రమపడి బాల్సమ్‌లో అమర్చిన స్లైడ్ నీటి చుక్క కంటే మెరుగైన కాంట్రాస్ట్ ఇవ్వదు. నాఫ్రాక్స్‌లో ఆ తేడా 0.30 వరకు ఉంటుంది, అంటే మూడు రెట్లు. పెంకును ఏ ద్రవమూ లేకుండా పొడిగా గాలిలో చూస్తే తేడా ఇంకా ఎక్కువే, కానీ మధ్యలో గాలి పొర ఉన్నప్పుడు నూనె చుక్క వేసి వాడే వంద రెట్ల లెన్స్ తన 1.4 న్యూమరికల్ అపర్చర్‌ను (ఎంత వెడల్పైన కాంతి శంకువును అందుకోగలదో చెప్పే అంకెను) పూర్తిగా ఉపయోగించుకోలేదు. ఖరీదైన లెన్స్ కొని దాని ముందు తెర వేసుకున్నట్టవుతుంది.

మా చెరువు ఏడాదిలో సగానికి పైగా మంచు కింద ఉండేది, చెట్లు పెరిగే ఎత్తు దాటి పైన ఉన్నది. లవణాలు అతి తక్కువగా, కొద్దిపాటి ఆమ్ల గుణంతో ఉండే ఇలాంటి నీటిలో యునోటియా, పిన్నులేరియా, ఫ్రస్టులియా, బ్రాకిసైరా వంటి ప్రజాతులు కనబడడం మామూలే. మాకు ఆసక్తి కలిగించినది నాచు కుచ్చులను పిండినప్పుడు వచ్చిన సామ్మోథిడియం ప్రజాతికి చెందిన ఒక చిన్న రూపం. ఈ ప్రజాతిని 1996లో బుఖ్తియారోవా, రౌండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అఖ్నాంథీస్ అనే పాత, విశాలమైన ప్రజాతి నుంచి విడదీశారు. దీని సభ్యుల్లో ఒక వాల్వుకు రాఫే ఉంటుంది, రెండవ దానికి ఉండదు. కనుక ఒక జాతిని వర్ణించాలంటే రెండు వేర్వేరు ముఖాలను చూసి, అవి ఒకే జీవివని నిరూపించవలసి ఉంటుంది. పొడవు 8 నుంచి 16 మైక్రోమీటర్లు, గీతలు 10 మైక్రోమీటర్లకు 27 నుంచి 29. వ్యాసం ఇంకా అచ్చుకాలేదు కనుక పేరును ఇక్కడ రాయడం లేదు. ప్రచురణకు ముందే పేరును బయటపెట్టడం నామకరణ శాస్త్రంలో అనవసరమైన చిక్కులు తెస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మొదటి విడత స్లైడ్లను నేను నాఫ్రాక్స్‌లో చేయలేదు. చేతికి అందుబాటులో, మొక్కల కణజాల ఛేదాలకు వాడే సాధారణ రెజిన్ ఉంది. దాని గుణకం 1.5 చిల్లర. నమూనాలో ఏముందో ఒకసారి చూసుకోవడానికే కదా అనుకుని దానిలోనే అమర్చాను. ఆ స్లైడ్లలో రాఫే ఉన్న వాల్వు మధ్య భాగం, ఇటు అంచు నుంచి అటు అంచు వరకు, గీతలేమీ లేని ఖాళీ పట్టీలా స్పష్టంగా కనిపించింది. దగ్గరి జాతుల్లో ఇలాంటి సంపూర్ణమైన పట్టీ ఉన్నట్టు ఎక్కడా చదవలేదు. కొత్త జాతి దొరికిన సంతోషంలో బొమ్మలు గీసి, 'మధ్య ప్రదేశం రెండు అంచులనూ తాకుతుంది' అనే వాక్యంతో నిర్ధారక వర్ణన (జాతిని మిగతా జాతుల నుంచి వేరుచేసే లక్షణాల వర్ణన) మొదటి ప్రతి కూడా రాసుకున్నాను.

రెండు నెలల తర్వాత అదే సీసాలోని అదే పదార్థాన్ని నాఫ్రాక్స్‌లో అమర్చి, అదే లెన్స్ కింద పెట్టాను. ఆ ఖాళీ పట్టీ రెండు చివర్లలో, అంచును అంటిపెట్టుకుని, ఒకటి నుంచి మూడు వరకు పొట్టి గీతలు కనబడ్డాయి. ముందు వెలుతురు మోసమేమో అనుకున్నాను. ఫోకస్ పైకీ కిందికీ తిప్పి చూశాను. ఇంకో నలభై వాల్వులు వెతికి చూశాను. గీతలు అన్నిట్లోనూ ఉన్నాయి. ఆ మాటకొస్తే పాత స్లైడ్లలోనూ ఉన్నాయి, అవి ఉన్నాయని తెలిసిన తర్వాత చూస్తే నీడలా ఆనవాలు పట్టుకోగలిగాను. తెలియకముందు మాత్రం ఎన్నిసార్లు చూసినా కనబడలేదు.

ఈ అనుభవంలో గమనించవలసిన విషయం ఒకటుంది. సమస్య విభేదన సామర్థ్యానిది కాదు. ఆకుపచ్చ వెలుతురులో, 1.4 న్యూమరికల్ అపర్చర్ ఉన్న లెన్స్ సుమారు 0.24 మైక్రోమీటర్ల దూరంలో ఉన్న రెండు గీతలను విడదీసి చూపగలదు. మా జాతిలో గీతకూ గీతకూ మధ్య దూరం 0.35 మైక్రోమీటర్లు. కనుక లెన్స్ ఆ గీతలను రెండు స్లైడ్లలోనూ విడదీసే చూపింది. కానీ వాల్వు వంపు తిరిగే అంచు దగ్గర, అతి పలుచని గోడలో ఉన్న మూడు పొట్టి గీతలు తక్కువ గుణకం గల రెజిన్‌లో నేపథ్యం నుంచి విడిపడేంత నలుపు తెచ్చుకోలేకపోయాయి. వస్తువును విడదీసి చూడగలగడం వేరు, అది కంటికి ఆనేంత తేడాతో కనబడడం వేరు. కొత్త లెన్సులు, కొత్త కెమెరాలు కొనాలని ఆలోచించేవారు ముందుగా తమ మౌంటెంట్ (పెంకులను అమర్చే రెజిన్) సీసా మీద రాసిన అంకె చూసుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. మా జాతి కొత్తదనం చివరికి నిలిచింది, అయితే నేను మొదట రాసుకున్న కారణంతో కాదు. రాఫే లేని వాల్వు మధ్య ప్రదేశపు ఆకారం, గీతల సాంద్రత, చివరల రూపం అనే మూడింటి కలయికతో. నాఫ్రాక్స్‌లో మళ్ళీ చూడకపోతే, అబద్ధపు లక్షణం మీద నిలబడిన జాతి పేరు ఒకటి సాహిత్యంలోకి వెళ్ళి ఉండేది. తర్వాత ఎవరో ఒకరు నా హోలోటైప్‌ను (జాతి పేరుకు ఆధారంగా నిలిపే అసలు నమూనాను) తెప్పించుకుని చూసి, మర్యాదగా ఒక పేరాలో దాన్ని సరిదిద్ది ఉండేవారు.

ఇక వాడకం సంగతి. నాఫ్రాక్స్‌తో స్లైడ్ చేయడం కష్టం కాదు, కానీ తొందరపడేవారికి అది కలిసిరాదు. శుభ్రం చేసిన పెంకులున్న నీటిని స్లైడ్ మీద కాక కవర్ స్లిప్ మీద వేసి ఆరబెట్టాలి. పెంకులు లెన్స్‌కు వీలైనంత దగ్గరగా ఉండడం దీని ఉద్దేశం, ఎందుకంటే వంద రెట్ల లెన్స్‌కు పనిచేసే దూరం మిల్లీమీటరులో చిన్న భాగమే. కవర్ స్లిప్ మందం 0.17 మిల్లీమీటర్లు ఉండాలి, లెన్సులను ఆ మందానికే తయారుచేస్తారు. ఆరిన కవర్ స్లిప్‌ను ఒక చుక్క నాఫ్రాక్స్ మీద బోర్లించి, హాట్ ప్లేట్ మీద పెడితే టొలుయీన్ బుడగలుగా పైకి వస్తుంది. టొలుయీన్ మరిగేది 110 డిగ్రీల పైన. ప్లేట్ వేడి దానికి కొంచెం ఎక్కువ ఉంటే చాలు. బుడగలు తగ్గగానే తీసి, కవర్ స్లిప్‌ను సన్నని పుల్లతో మెల్లగా నొక్కి చల్లారనివ్వాలి.

మొదటి పది స్లైడ్లలో ఆరింటిని నేనే పాడుచేశాను. వేడి ఎక్కువైతే బుడగలు ఉధృతంగా పొంగి, పెంకులను అంచులకు తోసేస్తాయి. స్లైడ్ మధ్యలో ఖాళీ మైదానం, చుట్టూ డయాటమ్‌ల గుట్ట మిగులుతుంది. వేడి తక్కువైతే టొలుయీన్ పూర్తిగా పోదు, రెజిన్ మెత్తగానే ఉండిపోతుంది, నూనె తుడుస్తుంటే కవర్ స్లిప్ జరుగుతుంది, అంతకంటే ముఖ్యంగా గుణకం కూడా రావలసినంత రాదు. చల్లారిన తర్వాత స్లైడ్ అంచున కారిన రెజిన్‌ను గోటితో గీస్తే పొడిపొడిగా పెళుసుగా రాలాలి. తీగలా సాగిందంటే ఇంకోసారి వేడి చేయవలసిందే. ఈ చిన్న పరీక్ష తెలియడానికి నాకు ఆరు స్లైడ్ల మూల్యం పట్టింది.

టొలుయీన్ వాసన గురించి నిజాయతీగా చెప్పాలి. ఇది ఇంటి బల్ల మీద చేసే పని కాదు. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా దీన్ని వేడి చేయకూడదు. అది మండే పదార్థం కూడా కనుక దగ్గర నిప్పు ఉండకూడదు. అభిరుచి కొద్దీ సూక్ష్మదర్శినితో పనిచేసే వ్యక్తి అడిగితే నేను ఈ ఒక్క కారణం చేత వేరే పదార్థాన్ని సూచిస్తాను. ద్రావణి లేకుండా, కొద్దిపాటి వేడికే కరిగి చల్లారగానే గట్టిపడే మెల్ట్‌మౌంట్ రకాల్లో 1.704 గుణకం ఉన్నది ఒకటి దొరుకుతుంది. కాంట్రాస్ట్‌లో నాఫ్రాక్స్ కంటే వెనకబడినా ఆ వెనుకబాటు పెద్దది కాదు. ఫీనాల్, గంధకం ఆధారంగా ప్రయోగశాలలోనే తయారుచేసుకునే ప్లూరాక్స్ గుణకంలో నాఫ్రాక్స్‌కు సాటి వస్తుంది, కానీ దాన్ని తయారుచేయడమే ఒక రోజు పని, అదీ వాసన లేనిదేమీ కాదు. 1930 ప్రాంతంలో వచ్చి ఎన్నో పాత సేకరణల్లో కనబడే హైరాక్స్ గుణకం 1.71. వీటన్నిటినీ నేను ఒకే నమూనాతో పక్కపక్కన పెట్టి పరీక్షించలేదు కనుక తీర్పు చెప్పను. నా పోలిక సాధారణ రెజిన్‌కూ నాఫ్రాక్స్‌కూ మధ్య మాత్రమే.

మౌంటెంట్ మీద వేసే నిందల్లో సగం నిజానికి శుభ్రపరచడంలోని లోపాలు. జీవపదార్థం మిగిలిన పెంకు ఎంత మంచి రెజిన్‌లోనూ మసకగానే ఉంటుంది. మేము గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో వేడిచేసి, సున్నపు మలినాలను చివర్లో కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీసి, స్వేదన జలంతో అనేక మార్లు కడిగాము. ప్రతి కడుగుకూ మధ్య ఒక పూర్తి రోజు నీటిని కదపకుండా ఉంచాము. పెంకులు ఇంత చిన్నవైనప్పుడు అవి అడుగుకు చేరడానికి సమయం పడుతుంది. పైనీటిని తొందరపడి పారబోస్తే పోయేది మనం వెతుకుతున్న జాతే. సెంట్రిఫ్యూజ్‌తో పని త్వరగా అవుతుంది కానీ పలుచని వాల్వులు పగులుతాయి. కడుగుడు చాలకపోతే ఆరబెట్టిన కవర్ స్లిప్ మీద లవణాల స్ఫటికాలు మిగిలి, నాఫ్రాక్స్ అధిక కాంట్రాస్ట్ వాటినీ అంతే స్పష్టంగా చూపిస్తుంది. ఇది మంచి మౌంటెంట్‌కు ఉన్న దుర్గుణం: మన పనిలోని మురికిని దాచిపెట్టదు.

స్లైడ్ శాశ్వతంగా ఉండడం ఈ పనిలో ఎందుకంత అవసరమో చెప్పాలి. డయాటమ్ విభజన చెందినప్పుడు ప్రతి పిల్లకణానికీ తల్లి పెట్టెలో ఒక సగం దక్కుతుంది, రెండవ సగాన్ని అది దాని లోపల ఒదిగేలా కట్టుకుంటుంది. చిన్న సగాన్ని పొందిన కణం తల్లి కంటే కొంచెం చిన్నదవుతుంది. 1869లో మాక్‌డొనాల్డ్, ఫిట్జర్ వేర్వేరుగా గుర్తించిన ఈ నియమం వల్ల ఒకే జాతి తరాలు గడిచేకొద్దీ కుంచించుకుపోయి, లైంగిక ప్రత్యుత్పత్తి తర్వాత ఆక్సోస్పోర్ అనే దశలో మళ్ళీ పూర్తి పరిమాణానికి వస్తుంది. పరిమాణంతో పాటు ఆకారమూ మారుతుంది: పొడవైన వాల్వుల్లో కొంచెం సాగినట్టుండే చివరలు పొట్టి వాల్వుల్లో గుండ్రబడతాయి. ఒక పెద్ద వాల్వునూ ఒక చిన్న వాల్వునూ విడివిడిగా చూస్తే రెండు జాతులని ప్రమాణం చేయవచ్చు. గతంలో అలా రెండు పేర్లు పొందిన జాతులున్నాయి. అందువల్ల వర్ణనలో ఒక అందమైన ఫోటో చాలదు, అతి పెద్ద దాని నుంచి అతి చిన్న దాని వరకు వరుసగా, ఒకే కొలతలో, రెండు రకాల వాల్వులనూ చూపించాలి. ఆ వరుస కోసం నేను నాఫ్రాక్స్ స్లైడ్ల మీద వారాల తరబడి తిరిగాను. ఒకే స్లైడ్‌ను ఎన్నిసార్లు నూనె వేసి, తుడిచి, మళ్ళీ వేసినా అది చెదరలేదు. మొదటి రోజు ఫోటో తీసిన వాల్వు ఆరు నెలల తర్వాతా అదే చోట, అదే తీరున ఉంది. ఈ విషయంలో నాకు ఫిర్యాదేమీ లేదు.

నామకరణ నియమావళి కూడా స్లైడ్ మీదే భారం వేస్తుంది. 1958 జనవరి 1 నుంచి శిలాజం కాని శైవలాల కొత్త జాతి పేరు చెల్లాలంటే దాని ప్రత్యేక లక్షణాలను చూపే చిత్రం ఉండాలి, టైప్‌ను సూచించాలి. 1990 నుంచి ఆ టైప్ ఏ హెర్బేరియంలో (మొక్కల, శైవలాల నమూనాలను దాచే సంస్థలో) భద్రపరచబడిందో కూడా చెప్పాలి. లాటిన్‌లోనే వర్ణించాలన్న పాత నిబంధన 2012లో సడలి, ఇంగ్లీషు కూడా చెల్లుతుందన్నారు. డయాటమ్‌ల విషయంలో ఆచరణలో హోలోటైప్ అంటే ఒక స్లైడ్, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ స్లైడ్ మీద వలయం గీసి గుర్తు పెట్టిన ఒకే ఒక్క వాల్వు. ఇంగ్లండ్ ఫైండర్ అనే గళ్ళ స్లైడ్ సాయంతో ఆ వాల్వు స్థానాన్ని రాసిపెడితే, ప్రపంచంలో ఎక్కడి సూక్ష్మదర్శిని మీదైనా దాన్ని మళ్ళీ కనుక్కోవచ్చు. వందేళ్ళ తర్వాత వచ్చే వ్యక్తికి మన మాట మీద నమ్మకం ఉండనవసరం లేదు, స్లైడ్ చూస్తే చాలు. ఆ వందేళ్ళూ రెజిన్ పగలకుండా, స్ఫటికాలు కట్టకుండా ఉంటేనే ఈ ఏర్పాటుకు అర్థం.

పోలిక కోసం పాత టైప్ స్లైడ్లను చూడవలసి వచ్చినప్పుడు ఈ విషయం నాకు మరో వైపు నుంచి తెలిసింది. సామ్మోథిడియం జాతుల్లో అనేకం మొదట ఫ్రీడ్రిష్ హుస్టెట్ వర్ణించినవి. 1886 నుంచి 1968 వరకు జీవించిన ఆయన సేకరణ జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో ఉంది. ఆల్ప్స్ పర్వతాల డయాటమ్‌లను 1930లలో పరిశీలించిన గేయోర్గ్ క్రాస్కె స్లైడ్లు కాసెల్‌లో ఉన్నాయి. సామ్మోథిడియం హెల్వెటికం, మార్జినులాటం, సబాటొమాయిడీస్ అనే మూడింటితో మా జాతిని తేల్చుకోవడం తప్పనిసరి. టైప్ స్లైడ్ల ఫోటోలను మా ఫోటోల పక్కన పెట్టినప్పుడు, రెండూ వేర్వేరు మౌంటెంట్లలో ఉన్నాయన్న సంగతిని ప్రతిసారీ గుర్తు చేసుకోవలసి వచ్చింది. పాత స్లైడ్‌లో ఒక లక్షణం కనబడకపోవడం ఆ జాతిలో అది లేకపోవడానికి సాక్ష్యం కాదు. నేను స్వయంగా ఆ తప్పు చేసి ఉన్నాను కనుక ఈసారి తొందరపడలేదు. చాలా వర్ణనల్లో 'భిన్నంగా' అన్న మాట వెనక ఈ జాగ్రత్త ఎంతవరకు ఉందో అనే అనుమానం మాత్రం అప్పటి నుంచి నన్ను వదలలేదు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఉండగా ఈ రెజిన్ చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. దాని అవసరాన్ని నేను కాదనను. గీతల లోపలి రంధ్రాల అమరిక, వాటిని లోపలి వైపు మూసే పలుచని పొర, రాఫే చివరలు ఏ వైపు వంగాయి అన్న విషయాలు కాంతి సూక్ష్మదర్శినికి అందవు. రంధ్రాల మధ్య దూరం కాంతి పరిధి కంటే తక్కువ. ఆ పనికి బయటి ప్రయోగశాల ఒకదాని సేవ తీసుకున్నాము, దాని పేరు ఇక్కడ అనవసరం. మొదటి విడతలో లోహపు పూత మందం ఎక్కువై రంధ్రాలు పూడుకుపోయాయి. మళ్ళీ పంపి, పలుచని పూతతో, నమూనాను వాల్చి తీయించవలసి వచ్చింది. అందువల్ల నాలుగు నెలలు పోయాయి. అయితే ఆ సేవ ఇచ్చినది పన్నెండు వాల్వుల చిత్రాలు. జాతి పరిధిని, దాని పరిమాణాల వరుసను, గీతల సాంద్రతలోని హెచ్చుతగ్గులను చెప్పడానికి వందల వాల్వులు కావాలి, అవి నాఫ్రాక్స్ స్లైడ్ల మీదే లెక్కకు వచ్చాయి. పైగా రేపు ఏదో చెరువులో ఈ జాతిని గుర్తించబోయే వ్యక్తి దగ్గర ఉండేది మామూలు సూక్ష్మదర్శినే. అతను గుర్తించలేని లక్షణాలతో మాత్రమే జాతిని నిర్వచిస్తే ఆ పేరు గ్రంథాలలోనే ఉండిపోతుంది. అంచు దగ్గర పొట్టి గీతలు, మధ్య ప్రదేశపు ఆకారం అనే రెండు లక్షణాలనూ మా నిర్ధారక వర్ణన మొదటి వాక్యంలోనే పెట్టింది అందుకే.

పేరు పెట్టే పని గురించి క్లుప్తంగా. పేరు ఇదివరకే ఎవరైనా వాడారేమో చూసుకోవడానికి 1996లో మొదలైన ఆల్గేబేస్ అనే శైవలాల ఆన్‌లైన్ సమాచార నిధి చాలా ఉపయోగపడింది, ఆ సేవ ఉచితం. పేరును నమోదు చేయడానికి బెర్లిన్ వృక్షోద్యానం నడిపే ఫైకోబ్యాంక్ ఉంది. సామ్మోథిడియం లాటిన్‌లో నపుంసక లింగం కనుక విశేషణ రూపంలో ఉన్న జాతి పేరు చివర దానికి తగ్గట్టు ఉండాలి. సమీక్షకులు మొదట పట్టుకునే తప్పు సాధారణంగా ఇదే, మాదీ వారు పట్టుకున్నారు.

తిరిగి నాఫ్రాక్స్‌కు వస్తే, లోపాలు లేవని చెప్పను. లేత పసుపు రంగు ఉండడం వల్ల రంగుల సమతౌల్యాన్ని ప్రతి ఫోటోలోనూ సరిచూసుకోవాలి. నలుపు తెలుపులో తీసేవారికి ఆ బాధ లేదు. సీసా మూత వదులైతే ద్రావణి ఎగిరిపోయి రెజిన్ చిక్కబడుతుంది. టొలుయీన్ కలిపి మళ్ళీ పలచన చేయవచ్చు కానీ ఎంత కలపాలన్నది చేతి అంచనాయే. ఖరీదు విషయంలో ఫిర్యాదు చేసేవారున్నారు; ఒక్కో స్లైడ్‌కు పట్టేది ఒకటి రెండు చుక్కలే కనుక చిన్న సీసా ఎన్నో నెలలు వస్తుందని గుర్తుంచుకోవాలి. రోజువారీ నీటి నాణ్యత పరీక్షల కోసం, ప్రసిద్ధమైన పెద్ద జాతులను లెక్కపెట్టేవారు దీనికంటే తక్కువ గుణకం గల, సులువైన రెజిన్‌తోనూ నెట్టుకురావచ్చు. చిన్న రూపాల మీద, ముఖ్యంగా లవణాలు తక్కువైన పర్వత జలాల్లోని పలుచని పెంకుల మీద పనిచేసేవారికి, టైప్ స్లైడ్లు చేయబోయేవారికి మాత్రం ఇంతకంటే తక్కువ దానితో సరిపెట్టుకోవద్దని చెబుతాను. ఐదు మార్కులకు నేను నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక మార్కు టొలుయీన్‌ది.

హోలోటైప్ స్లైడ్ ఒకటి, ఐసోటైప్‌లు (అదే పదార్థంతో చేసిన జోడు స్లైడ్లు) మూడు సిద్ధంగా ఉన్నాయి. వాటితో పాటు శుభ్రం చేసిన పదార్థాన్నీ, శుభ్రం చేయని నమూనాలో కొంత భాగాన్నీ హెర్బేరియానికి పంపుతున్నాము. తప్పు వర్ణనకు కారణమైన ఆ మొదటి స్లైడ్లను పారేయలేదు. ప్రయోగశాలలో కొత్తగా చేరే విద్యార్థులకు మొదటి రోజు ముందు వాటిలో ఒకదాన్నే చూపించి, మధ్య ప్రదేశాన్ని గీయమని అడుగుతున్నాను. నాఫ్రాక్స్ స్లైడ్‌ను ఆ తర్వాతే లెన్స్ కింద పెడుతున్నాను.